మాల వేసుకున్న చలికాలం

నా భార్య సుగుణ పోయి ఏడాది దాటింది. సంవత్సరీకం పెట్టిన పది రోజులకు, తమ్ముడు మల్లేశానికి కంటి ఆపరేషన్ అయిందని తెలిసి చూడటానికి ఊరికి వెళ్ళాను. మా ఊరు చొప్పదండి దాటి కొంచెం లోపలికి ఉంటుంది. నేనిప్పుడు కరీంనగర్‌లో కొడుకు హరి దగ్గర ఉంటున్నాను కాబట్టి పెద్ద ప్రయాణమేమీ కాదు. మల్లేశం అరుగు మీద నల్లద్దాలు పెట్టుకుని కూర్చున్నాడు. నా అడుగుల చప్పుడు గుర్తుపట్టి "అన్నా, వచ్చినవా" అన్నాడు. మరదలు చాయ ఇచ్చి పొలం వైపు వెళ్ళింది. కాసేపు వరికోతల గురించి, కంట్లో వేసుకునే చుక్కల మందు గురించి మాట్లాడుకున్నాం. తర్వాత వాడు ఉన్నట్టుండి, "వదినె పోయింది గద అన్నా, ఇగ చెప్పినా ఎవ్వలకేం కాదు. నా కడుపుల ఒక ముచ్చటున్నది. బాపు పోయిన్నాటిది" అన్నాడు.

వాడు చెప్పింది రాసే ముందు ఆ చలికాలం గురించి రాయాలి. అది నాకు తెలిసినంత వరకే రాస్తాను, ఎందుకంటే అందులో నాకు తెలియనిదే ఎక్కువని మొన్ననే తేలింది.

అప్పుడు నేను శ్రీరాంపూర్‌లో బొగ్గుబాయిలో పనిచేసేవాణ్ణి. మా దగ్గర గనిని బాయి అనే అంటారు. పొలాలున్న ఇంటి పెద్దకొడుకు గోదావరి దాటిపోయి భూమి కిందికి దిగి తట్టతో బొగ్గు మోస్తున్నాడంటే మా ఊళ్ళో చాలామందికి వింతగా ఉండేది. నాకు మాత్రం నెలనెలా జీతం, రెండు గదుల క్వార్టరు, వెనక వాకిట్లో నల్లా, ఇవన్నీ గొప్పగానే ఉండేవి. కాలనీలో ఒకే తీరు ఇళ్ళు వరుసలు వరుసలుగా ఉండేవి. మా ఎడమపక్క ఇంటివాళ్ళు కోస్తా నుంచి వచ్చినవాళ్ళు, కుడిపక్క ఇంటివాళ్ళ తెలుగులో సగం మరాఠీ వినిపించేది. తెల్లవారుజామున ప్రతి ఇంటి వెనకా బొగ్గు పొయ్యి అంటించేవాళ్ళు. చలికాలంలో ఆ పొగ పైకి లేచేది కాదు. మోకాళ్ళ ఎత్తున వాకిళ్ళలోనే నిలబడిపోయేది. ముందు తడిబొగ్గు వాసన, తర్వాత గొంతులో పట్టుకునే పచ్చిపొగ, చివరికి నిప్పు కణకణమన్నాక ఏ వాసనా ఉండని వేడి. ఇప్పటికీ ఎక్కడైనా ఇటుకబట్టీ పక్కన బస్సు ఆగితే నాకు ఆ వాకిలే గుర్తొస్తుంది, పొయ్యి ముందు గొంతుకూర్చుని విసనకర్రతో విసురుతున్న సుగుణ వీపు గుర్తొస్తుంది. ముఖం గుర్తుకు రాదు. ఆ రోజుల్లో నేను ఆమె ముఖం ఎంతగా చూశానో చెప్పలేను.

మాకు మొదట ఆడపిల్ల పుట్టింది. తొమ్మిది రోజులు బతికింది. పేరు పెట్టకముందే పోయింది కాబట్టి ఆ పిల్లను మేమెప్పుడూ ఏ పేరుతోనూ తలుచుకోలేదు. ఆ తర్వాత రెండేళ్ళకు హరి పుట్టాడు, అదీ ఎనిమిదో నెలలోనే. అరచేతిలో పట్టేంత ఉండేవాడు. వాడి ఛాతీ ఊపిరి తీసినప్పుడల్లా లోపలికి గుంజుకుపోయేది. డాక్టరు ఏమీ తేల్చి చెప్పలేదు, "చూద్దాం, జాగ్రత్తగా ఉండండి" అన్నాడు. సుగుణ రాత్రంతా వాడి ముక్కు దగ్గర వేలు పెట్టుకుని కూర్చునేదని తర్వాత ఎప్పుడో చెప్పింది. నేను ఆసుపత్రి వరండాలో నిలబడి, బిడ్డ బతికితే మాల వేసుకుని కొండకు వస్తానని అయ్యప్పకు మొక్కుకున్నాను. మా ఇంటి దేవుడు వేములవాడ రాజన్న. ఆయన్ను వదిలి అయ్యప్పకు ఎందుకు మొక్కానంటే, బాయి మీద నాతో పనిచేసేవాళ్ళలో చాలామంది ఆ ఏడు మాల వేసుకోబోతున్నారు, రోజూ ఆ మాటలే చెవిన పడుతున్నాయి. అంతకంటే వేరే కారణం లేదు.

కార్తీకం వచ్చేసరికి హరికి అయిదో నెల. బతికాడు గానీ దగ్గు వదల్లేదు. నేను మాల వేసుకున్నాను. మాకు గురుస్వామిగా ఉన్నాయన మా బాయిలోనే పాతకాలపు కార్మికుడు, పది పన్నెండుసార్లు కొండకు వెళ్ళొచ్చినవాడు. నియమాల విషయంలో చాలా గట్టి మనిషి. నలభై ఒక్క రోజులు చన్నీళ్ళ స్నానం, నేల మీద పడక, నల్లబట్టలు, ఒకపూట భోజనం, కాళ్ళకు చెప్పులుండవు. భార్యను పేరుతో పిలవకూడదు, మాత అనాలి. ఆమె నన్ను స్వామి అనాలి. ఇంట్లోగానీ దగ్గరి పాలివాళ్ళలోగానీ ఎవరైనా పోతే మాల తీసెయ్యాలి, మొక్కు ఆ ఏటికి ఆగిపోతుంది. ఈ చివరి నియమం చెప్పేటప్పుడు గురుస్వామి మా అందరి ముఖాల్లోకి చూసి, "అది మన చేతుల లేదు స్వామీ. మొక్కుకున్నది పిల్లలకోసమైతే ఇంకా పదిలంగుండాలె" అన్నాడు. సుగుణ కూడా వాకిట్లో హరిని ఎత్తుకుని నిలబడి ఆ మాట విన్నది.

నాది మొదటి షిఫ్టు. మూడున్నరకు లేచేవాణ్ణి. నల్లా కింద సిమెంటు తొట్టిలో రాత్రి పట్టి ఉంచిన నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు కొరికేవి. మొదటి చెంబు నెత్తిన పడేవరకే భయం, ఆ తర్వాత ఒళ్ళు మొద్దుబారిపోయి ఏమీ తెలిసేది కాదు. నాకంటే ముందే సుగుణ తలస్నానం చేసి తడిజుట్టుకు తువ్వాల చుట్టుకుని పొయ్యి అంటించేది. పొగకు లోపల హరి దగ్గేవాడు. ఆమె పొయ్యి దగ్గర్నించి లేచి వెళ్ళి వాణ్ణి ఎత్తుకుని, మళ్ళీ వచ్చి, మళ్ళీ వెళ్ళి, ఇలా తిరుగుతూనే ఉండేది. నేను ముందుగదిలో పీట మీద పటం ముందు కూర్చుని శరణాలు చెప్పుకుంటుంటే వెనక ఆ దగ్గు వినిపించేది. వినిపించినప్పుడు గొంతు కొంచెం పెంచేవాణ్ణి. అయిదింటికి గురుస్వామి ఇంట్లో అందరం కలిసి భజన, హారతి, ప్రసాదం. అక్కడి నుంచి ఒట్టికాళ్ళతో బాయి మీదికి నడక. అక్కడ మాత్రం బూట్లు వేసుకోవాలి, నెత్తి మీద దీపం పెట్టుకోవాలి. మాలను బనీను లోపలికి దోపుకుని దిగేవాణ్ణి. బాయిలో చీకటి ఎప్పుడూ ఒకేలా ఉంటుంది, పొద్దున్నా మాపూ తేడా తెలియదు. షిఫ్టు దిగి ఇంటికొచ్చి మళ్ళీ స్నానం, అప్పుడు భిక్ష, అంటే ఆ ఒక్కపూట భోజనం. చీకటి పడగానే మళ్ళీ భజన. అది ముగించుకుని వచ్చి చాప మీద పడుకుంటే, అంతే. నలభై ఒక్క రోజుల్లో నా కొడుకును ఎన్నిసార్లు ఎత్తుకున్నానో ఒక చేతి వేళ్ళతో చెప్పగలను.

మాల వేసుకున్న మొదటి వారంలోనే బాపు వచ్చాడు, మనవణ్ణి చూడటానికి. మా అమ్మను అవ్వ అనేవాళ్ళం, ఆమె మేం చిన్నగా ఉన్నప్పుడే పోయింది. బాపే మా ఇద్దరినీ పెంచాడు. అన్నం వండటం, మాకు తలస్నానాలు చేయించడం, బడికి పంపడం అన్నీ తానే చేసేవాడు. కోడి కూయకముందే లేచే మనిషి. లేచి చుట్ట ముట్టించుకుని, ఎడ్ల దగ్గరికి పోయి, ఇంట్లో మనుషులతో మాట్లాడినట్టే వాటితో కాసేపు మాట్లాడేవాడు. పూజలేమీ ఉండేవి కావు. ఏడాదికొకసారి వేములవాడకు వెళ్ళి కోడె మొక్కు తీర్చుకునేవాడు, అంటే కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిప్పి కట్టేసి రావడం. అంతే ఆయన భక్తి. ఆ రోజు భుజాన బియ్యం మూటతో వాకిట్లోకి వచ్చి, నల్లబట్టల్లో ఉన్న నన్ను చూసి ఒక్క క్షణం ఆగిపోయాడు. తర్వాత మూట కింద పెట్టి, ఎవరూ చెప్పకుండానే వంగి నా కాళ్ళు ముట్టుకున్నాడు. మాలలో ఉన్నవాళ్ళ కాళ్ళకు ఎవరైనా మొక్కుతారు, అది ఆచారం. మొక్కవద్దని అనకూడదు. నేను "స్వామి శరణం" అన్నాను. బాపు నెత్తి మీద తెల్లజుట్టు, చెవుల వెనక ఊరి మట్టి, అవి కనిపించాయి.

లోపలికొచ్చి హరిని తొడమీద వేసుకుని చాలాసేపు కూర్చున్నాడు. వాడి ఛాతీ మీద చెయ్యి పెట్టి చూసి, "బతుకుతడు బిడ్డ, ఏం ఫికర్ పెట్టుకోకుండ్రి. దుడ్డె పుట్టినప్పుడు గూడ గిట్లనే ఉంటది" అన్నాడు. సుగుణ నవ్వింది. ఆయన పోల్చే పోలికలన్నీ పశువులవే. వెళ్ళేముందు నాతో, "మొక్కుకున్నవ్, మంచిదే బిడ్డా. కని పొద్దుగాల లేచినంక ముందుగాల పోరన్ని ఎత్తుకో. ఆనక దీపం ముట్టియ్యి" అన్నాడు.

"స్నానం గాకుంట దీపం ముట్టియ్యద్దు బాపూ. పోరన్ని ఎత్తుకుంటె మళ్ల స్నానం జెయ్యాలె. వాని బట్టలు ఎట్లుంటయో ఎరుకే గద" అన్నాను.

"పోరని కాడ మైలేందిరా" అన్నాడు బాపు, కోపంగా కాదు, నిజంగానే అర్థం కానట్టు. బస్సుకు టైమవుతోందని లేచాడు. సుగుణ ఆయన వెంట రోడ్డు దాకా వెళ్ళింది. నాకు సాయంత్రం భజనకు ఆలస్యమవుతోంది, నేను వెళ్ళలేదు. బాపును నేను ఆఖరుసారి చూసింది అదే.

ఆ తర్వాతి రోజులు వేరువేరుగా గుర్తు లేవు, అన్నీ ఒకే రోజులా కలిసిపోయాయి. గురుస్వామి మాకు ఇరుముడి కట్టాడు, కొబ్బరికాయలో నెయ్యి పోసి, మూటను నెత్తికెత్తాడు. మాట్లాడుకున్న బస్సులో ముప్ఫై మందిమి బయల్దేరాం. సుగుణ హరిని ఎత్తుకుని బస్సు దాకా వచ్చింది. ఆమె మెడ వంచి నిలబడి ఉంది. "పైలంగా పోయిరా స్వామీ" అన్నది. కొండ ఎక్కాను, పద్దెనిమిది మెట్లెక్కాను, వెనక నుంచి తోసే జనంలో రెండు క్షణాలు ఆయన్ను చూశాను. "నా కొడుకు" అన్నాను. మిగతా మాట పూర్తి కాకుండానే పోలీసు చెయ్యి నన్ను పక్కకు జరిపింది.

పది రోజులకు తిరిగొచ్చాం. గురుస్వామి ఇంటి దగ్గర మాల తీయించుకుని, ప్రసాదం పట్టుకుని ఇంటికొచ్చాను. పొద్దు బాగా ఎక్కింది. సుగుణ హరికి సీసాతో పాలు పడుతోంది. నేను సంచి దించి, నెలన్నర తర్వాత మొదటిసారి ఆమెను పేరుతో పిలిచాను. ఆమె వాణ్ణి భుజానికి ఎత్తుకుని నిలబడి, "ఊరికి పోవాలె. బాపు లేడు" అన్నది.

"లేడంటే?"

"పదిహేడు దినాలాయె. జ్వరమొచ్చింది, ఛాతిల పట్టింది. నీకు చెప్పద్దని బాపే అన్నడట. మొక్కు ఆగద్దన్నడట. మల్లేశమే అన్ని జేసిండు."

నేను ప్రసాదం సంచి ఎక్కడ పెట్టాలా అని చూశాను. అది బాగా గుర్తుంది. పీట మీద పెట్టాలా, అలమారలో పెట్టాలా అని. చివరికి సుగుణే నా చేతిలోంచి తీసుకుంది.

చొప్పదండిలో బస్సు దిగేసరికి మల్లేశం గుండుతో నిలబడి ఉన్నాడు. నన్ను పట్టుకుని ఏడ్చాడు. నేను వాడి వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డాను. ఊళ్ళో అరుగుల మీది వాళ్ళు నన్ను చూసి మాటలు ఆపారు. ఒక పెద్దమనిషి మాత్రం, "పెద్దకొడుకువు నువ్వుండంగ చిన్నోడు తలగొరివి పెట్టిండు. దేవుడు ఏమనుకుంటడో మరి" అన్నాడు. బాపును కాల్చిన చోటికి మల్లేశం తీసుకెళ్ళాడు. అక్కడ ఏమీ లేదు, అప్పటికే ఎవరివో మేకలు మేస్తున్నాయి. మా పొలంలో మోటారు దగ్గర కూర్చుని నేనూ గుండు చేయించుకున్నాను. మంగలి నీళ్ళు చిలకరిస్తుంటే ఇప్పుడొస్తుంది ఏడుపు, ఇప్పుడొస్తుంది అనుకున్నాను. రాలేదు. రెండో రోజు రాత్రికి శ్రీరాంపూర్ చేరి, మూడో రోజు పొద్దున షిఫ్టుకు దిగాను. హాజరు వేసే మస్టరు దగ్గర గుమాస్తా, "కొండకు పోయినోళ్లు గుండు చేయించుకోరు గద" అన్నాడు. "బాపు పోయిండు" అన్నాను. అంతమంది ముందు ఆ మాట అన్నా ఏమీ కాలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు అలాగే గడిచాయి. మళ్ళీ మాల వేసుకోలేదు. కానీ మూడున్నరకు మెలకువ వచ్చేది. ఒంటికి అలవాటైపోయింది. లేచి స్నానం చేసి దీపం ముందు కూర్చునేవాణ్ణి. దేవుడి మీద కోపం లేదు, భయం లేదు, ఆయనతో చెప్పుకోవాల్సిందీ లేదు. నోటికి వచ్చిన నామాలు చదివి లేచేవాణ్ణి. మనిషి చెయ్యి తిమ్మిరెక్కినప్పుడు పట్టుకున్న వస్తువు కింద పడదు గానీ పట్టుకున్నట్టు తెలియదు, నా బతుకంతా అలా నడిచింది. హరి పెరిగాడు. దగ్గు మూడో ఏటికి తగ్గింది. వాడు నడిచినప్పుడు, బడికి వెళ్ళినప్పుడు, పరీక్ష పాసైనప్పుడు నేను సంతోషించాల్సిన చోట సంతోషించినట్టే కనిపించాను. సుగుణకు తెలిసే ఉంటుంది. ఎప్పుడూ అడగలేదు. నాకున్న ధైర్యమల్లా ఒక్కటే. చెప్పవద్దని బాపే అన్నాడు. పోతూ పోతూ కూడా నా మొక్కు గురించే ఆలోచించాడు. ఎప్పుడైనా మనసు పట్టలేనంత బరువైతే ఆ మాట తీసి చూసుకునేవాణ్ణి.

మొన్న మల్లేశం చెప్పింది దాని గురించే.

"బాపు అట్ల అనలే అన్నా" అన్నాడు. నల్లద్దాల వెనక వాడి కళ్ళు ఎటు చూస్తున్నాయో తెలియలేదు. "జ్వరమొచ్చిన రెండో నాటికే మాట తడబడుడు షురువైంది. పెద్దోన్ని పిలువుమన్నడు. పొద్దుగాల లేస్తె అదే మాట. పెద్దోడు వచ్చిండా, పెద్దోడు వచ్చిండా అని. నేను మొదటి బస్సుకు శ్రీరాంపూర్ వచ్చిన. నువ్వు బాయిల ఉన్నవ్. వదినె ఒక్కతే ఉన్నది, పోరన్ని కాళ్ల మీద పండవెట్టుకోని నూనె రాస్తున్నది."

నేను చాయ గ్లాసు పక్కన పెట్టాను. వాడే కొనసాగించాడు.

"చెప్పిన. అన్నను తోల్కపోత వదినె, చూసి వస్తడు అని అన్న. ఆమె పోరని దిక్కు చూసింది. ఆనక, మామ బతుకుతడా అని అడిగింది. డాక్టరు ఆశ వెట్టుకోవద్దన్నడని చెప్పిన. అగో అప్పుడు నా కాళ్లు పట్టుకున్నది అన్నా. ఆయన అక్కడున్నప్పుడు మామ పోతె మాల తియ్యాలె, మొక్కు ఆగుతది, నా పోరడు నాకు దక్కడు మల్లేశం. ఒక్క పిల్లను మట్టిల పెట్టిన. మామ పండిన మనిషి, వీడింక పాలు తాగుతుండు, నువ్వు చెప్పకు అని. ఏడ్వలే. కాళ్లు మాత్రం ఇడువలే. నేనేం జెయ్యాలె? నీ షిఫ్టు దిగకముందే బస్సెక్కి వచ్చిన."

"బాపుకేం చెప్పినవ్?" అన్నాను.

"అన్నకు సెలవు దొరకలే అని చెప్పిన. ఇంక మూడు దినాలున్నడు. మూడు దినాలు గదే చెప్పిన."

"బాపేమన్నడు?"

"బాయి పని గట్లనే ఉంటది అన్నడు. మళ్ల కొద్దిసేపటికే, వచ్చిండా అని అడుగుడు."

మరదలు పొలం నుంచి తిరిగొచ్చింది, మేం మాట్లాడటం ఆపాం. ఆమె లోపలికి వెళ్ళాక మల్లేశం గొంతు తగ్గించి ఇంకొక మాట చెప్పాడు. బాపు పోయిన కబురు సుగుణకు మనిషితో పంపాడట. పోయిన నాటి నుంచి పది రోజులు ఇంటి కోడలికి మైల. ఆ రోజుల్లోనే ఆమె నాకు భిక్ష వండింది, పటం ముందు నైవేద్యం పెట్టింది, నా ఇరుముడికి బియ్యం కడిగి ఆరబోసింది. వండనంటే కారణం చెప్పాలి, చెబితే నాకు తెలుస్తుంది. "మైలల వండి దేవునికి పెట్టిన, ఆ పాపం నాది మల్లేశం, ఇగ నేను ఏ గుడిలకు పోను" అని వాడితో ఒక్కసారే అన్నదట, ఆ మరుసటి ఏడు.

అది విన్నాక ఎన్నో సంగతులు వాటంతట అవే వచ్చి తమ తమ చోట్లలో కూర్చున్నాయి. హరి పుట్టువెంట్రుకలు తీయించడానికి వేములవాడ వెళ్ళినప్పుడు, ఆమె బయట చెప్పుల దగ్గరే కూర్చుండిపోయింది, "మీరు పోయి రాండ్రి, నాకు మందిల ఊపిరాడది" అన్నది. ఆ తర్వాత ఎన్నిసార్లు ఏ గుడికి వెళ్ళినా అంతే. నేను విసుక్కున్నాను కూడా, ఇంత దూరమొచ్చి దర్శనం చేసుకోకపోవడమేమిటని. నేను కొండ నుంచి తిరిగొచ్చిన నాడు హరి సీసా పాలు తాగుతున్నాడు. ఆమెకు పాలు ఇంకిపోయాయి. ఎప్పుడు ఇంకిపోయాయి, ఎందుకు ఇంకిపోయాయి అని నేను అడగలేదు. బాపు ఆమెను కోడలా అని ఎప్పుడూ పిలవలేదు, బిడ్డా అనేవాడు. ఆయన శవాన్ని ఆమె కూడా చూడలేదు. మూడున్నరకు నాతోపాటు లేచి, చన్నీళ్ళు పోసుకుని, ఆ కబురు లోపల పెట్టుకుని పొయ్యి విసిరింది. నేను ఆరడుగుల దూరంలో కూర్చుని కళ్ళు మూసుకుని శరణాలు చెప్పాను.

తిరుగు బస్సులో కోపం తెచ్చుకోవాలని చూశాను. కోపగించుకోవడానికి ఆమె లేదు, పైగా ఆమెకు జవాబుగా హరి ఉన్నాడు. వాడు ఆ మొక్కు వల్ల బతికాడో, డబ్బాపాల వల్ల బతికాడో, పొద్దెక్కాక ఆమె వాణ్ణి ఎండలో పడుకోబెట్టి రోజూ నూనె రాయడం వల్ల బతికాడో నాకు తెలియదు. ఇంకొకటి కూడా ఆలోచించాను, ఇది రాయడం కష్టంగానే ఉంది. ఆమె చెప్పి ఉంటే నేనేం చేసేవాణ్ణి? ఉన్నపళంగా బస్సెక్కేవాణ్ణని రాసుకోవాలని ఉంది. కానీ ఆ నాటి నన్ను నేను ఎరుగుదును. నేను ముందు గురుస్వామి దగ్గరికి వెళ్ళి అడిగేవాణ్ణి. ఆయన ఆగమంటే ఆగేవాణ్ణి. బాపు నన్ను పిలుస్తున్నాడని తెలిసి కూడా కొండెక్కినవాణ్ణి అయ్యేవాణ్ణి. ఆమె చెప్పలేదు కాబట్టి అది నా మీద పడలేదు. ఇదంతా నేను ఎవరి సంగతో చదువుతున్నట్టు ఆలోచించాను. అప్పటికే బస్సు కరీంనగర్ చేరింది.

హరి ఇక్కడ ఒక ల్యాబులో పనిచేస్తాడు. పొద్దున్నే అయిదున్నరకల్లా బండి మీద ఇళ్ళకు వెళ్ళి రక్తం తీసుకుంటాడు, ఎనిమిదింటికి తిరిగొచ్చి కూతుర్ని బడికి తయారుచేసి మళ్ళీ వెళ్తాడు. కోడలు నర్సు, ఆమెకు డ్యూటీలు మారుతుంటాయి. వాడి పూజ ఎంతసేపంటే, హెల్మెట్ చేతిలో పట్టుకుని పటాల ముందు నిలబడి ఒకసారి దండం పెట్టుకునేంత. పాప నిద్రలో కదిలితే ఆ దండం కూడా సగంలో వదిలి వెళ్ళి దుప్పటి కప్పి వస్తాడు. మొదట్లో నాకది లెక్కలేనితనంగా అనిపించేది. ఇప్పుడు కుర్చీలో కూర్చుని చూస్తుంటాను. నేను వాణ్ణి ఒక్కసారీ బడికి తయారుచేయలేదు. వాడి చొక్కా గుండీ ఒక్కటీ పెట్టలేదు.

ఊరి నుంచి వచ్చిన మర్నాడు వాడు పాపకు జడలు వేస్తున్నాడు. రిబ్బను నోట్లో కరిచిపట్టుకుని, రెండో జడ అల్లుతూ, "చిన్నబాపు ఏమన్నడు? రాత్రి వచ్చినప్పటి సంది నువ్వు ఏం మాట్లాడుతలేవు" అన్నాడు.

వాడు బతకాలని ఒక ముసలాయన్ని మూడు రోజులు గుమ్మం వైపు చూస్తూ ఉండనిచ్చారని, వాళ్ళమ్మ చనిపోయేదాకా గుడి బయటే కూర్చుందని వాడికి చెప్పవచ్చు. వాడు నలభై దగ్గరికొచ్చిన మనిషి, తట్టుకుంటాడు కూడా. నోరు తెరిచాను.

"ఏమంటడురా, కన్ను మంచిగ కనవడుతుందట. నిన్ను అడిగిండు" అన్నాను.

ఎంత తేలికగా వచ్చిందో ఆ మాట. గొంతు కూడా మారలేదు. హరి "సంక్రాంతి దాటినంక పోయి చూసొస్త" అని రిబ్బను ముడేసి, పాప సంచి నా చేతికిచ్చి బండి తాళాలు వెతుక్కున్నాడు. కింద బడి ఆటో హారన్ కొట్టింది. పాప నా వేలు పట్టుకుంది, ఇద్దరం మెట్లు దిగాం.